గాలపు విద్య – కొరమేను నేర్పు పాఠము

గాలము వేయుట సోమరుల పని యని మన పెద్దలలో అనేకులు తలంతురు. చెరువుగట్టున కూర్చుండి బెండు వంక చూచుచుండువాడు చదువునకు గాని, సేద్యమునకు గాని పనికిరాడని వారి నిశ్చయము. అయినను సెలవు దినములలో మన విద్యార్థులు పలువురు నాగావళి యొడ్డునను, చంపావతి మడుగులవద్దను, ఊరి చెరువులమీదను గాలపు కర్రలతో కానవచ్చుచున్నారు. వారిని మానుమని చెప్పుటకు మేము ఈ వ్యాసము వ్రాయుటలేదు. మేమును ఆ గట్టులమీద కూర్చున్నవారమే. అయితే వారు చేయుచున్నది ఇంకను విద్య కాలేదు. దానిని విద్యగా మార్చుకొను త్రోవను గూర్చియే ఈ నాలుగు మాటలు.

ఈ వినోదము మనకు క్రొత్తది కాదు. 12వ శతాబ్దమున కల్యాణి రాజధానిగా ఏలిన పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసము'న మత్స్యవినోదమను ప్రకరణమును చేర్చి, చేపల జాతులను, వాని ఆహారమును, గాలమును, ఎరలను వివరించెను. ఆంగ్లభాషలో గాలమును గూర్చిన తొలి ముద్రిత రచన 1496లో గాని వెలువడలేదు. ఉర్దూలో 'షిస్త్' అను పదమునకు గాలమనియు, గురి యనియు రెండర్థములు కలవు. మా యుర్దూ మిత్రులు దీనిని గమనింతురు గాక. గురి లేని గాలము గాలమే కాదని ఆ మాటయే చెప్పుచున్నది.

పాశ్చాత్యులు ఈ విద్యకు శిఖరముగా నెంచునది ట్రౌట్ అను చేపను ఈకలతో కట్టిన కృత్రిమపు ఈగతో పట్టుట. ఆంగ్లేయులు ఆ చేపను మన దేశమునకును తెచ్చి నీలగిరులలోను, కాశ్మీరములోను పెంచిరి. ట్రౌట్‌కు చల్లని, ప్రాణవాయువు మెండుగా గల పారునీరు కావలెను. నీటి వేడి ఇరువది డిగ్రీలు దాటినచో అది అలమటించును. వేసవిలో మన చెరువుల నీరు ముప్పదికి పైబడును గనుక ఆ చేప మనకు దక్కదు. దాని విద్య మాత్రము దక్కును.

ఆ విద్యలోని మర్మమిది. మామూలు గాలములో సీసపు గుండు బరువు సన్నని దారమును లాగుకొని పోవును. ఈగ గాలములో ఈగకు బరువే లేదు. కావున దారమునే బరువుగా చేసి, దానిని విసరి, దాని కొసనున్న ఈగను ఆకు రాలినట్లు నీటిపై దింపుదురు. కర్రను గడియారపు ముల్లువలె పది గంటల గుర్తుకును, ఒంటిగంట గుర్తుకును నడుమ మాత్రమే ఆడింతురు. వెనుకకు పోయిన దారము పూర్తిగా చాగువరకు ఆగి, అటుపిమ్మట ముందునకు విసరుదురు. క్రొత్తవారందరును తప్పునది ఈ ఆగుటయందే. బలము చూపినకొలది దారము మెడకు చుట్టుకొనును. ఇది మా స్వానుభవము.

మన నీళ్లలో ఈ విద్యకు తగిన చేప కొరమేను. అది నీటిలో మొప్పలతో మాత్రమే బ్రతుకజాలదు. మాటిమాటికి పైకి వచ్చి గాలి మ్రింగవలెను. కలువ, గుర్రపుడెక్కల అంచున పొంచియుండి, పైన కదలిన కప్పను గాని, పురుగును గాని ఒక్క దుముకున అందుకొనును. కావుననే మన పల్లెలలో పొడవైన వెదురు కొసకు బ్రతికియున్న కప్పపిల్లను కట్టి ఆకులమీద ఆడించు వాడుక కలదు. మేము దానిని మానితిమి. కప్పను చంపరాదని ప్రవక్తగారు ఒక వైద్యునికి చెప్పినట్లు హదీసు కలదు. కప్పలు తగ్గినచో పంటలకు పురుగు పెరుగునని కూడ ఎరుగుదుము. మన దేశమునుండి కప్పకాళ్ల ఎగుమతిని ప్రభుత్వము 1987లో నిషేధించినది.

కప్పకు బదులు జీలుగుబెండు ముక్కను బొటనవ్రేలి కొసయంత చెక్కి, కొక్కెమునకు దారముతో బిగించి, ఇరుప్రక్కల కోడిపుంజు మెడ యీకలను కాళ్లవలె కట్టవలెను. నీటిపై నిది తేలును, ఈకలు వణకును. రంగు విషయమై మిత్రులు చాల వాదింతురు గాని, క్రిందినుండి చూచు చేపకు ఆకాశమునకెదురుగా నీడయే కానవచ్చును. మాకు నల్లని యీక చాలినది.

ఇక సమీపించుట. తొలి యేడు మేము ఉదయము సూర్యుని వీపునకు పెట్టుకొని గట్టుపై నిటారుగా నిలిచి వేసి, నెలల తరబడి వట్టి చేతులతో మరలితిమి. నెల్లిమర్ల ప్రాంతమున ఒక వృద్ధ జాలరి మమ్ము చూచి నవ్వి, "మేస్టారూ, మీ గేలం కన్నా మీ నీడే ముందెల్లి సేపకి కబురు సెప్పేసినాది" అనెను. మా గ్రంథములన్నియు చెప్పని మాట అతడు చెప్పెను. నాటినుండి నీడ వెనుకకు పడునట్లు, పొదచాటున వంగి, అడుగు మెత్తగా వేయుచున్నాము.

తరువాతి పాఠము వలయములను చదువుట. నీటిపై ఒక పెద్ద వలయము లేచి నాలుగు బుడగలు మిగిలినచో అది గాలికి వచ్చిన చేప. ఆ చోట వేసి లాభము లేదు, అది క్రిందికి జారిపోయినది. చిన్న పరిగెలు ఒక్కుమ్మడి చెదరి ఎగిరినచో అది మేతకు వచ్చిన చేప. దాని ముందు, ఆకులకును తేట నీటికిని నడుమ ఎరను దింపి, అలలు సద్దుమణగు వరకు కదల్పక యుండవలెను. పిమ్మట ఒక్కసారి వణికింపవలెను. చేప అందుకొనగానే లాగుట మన కుర్రవారి సామాన్య దోషము. ఎర నోటినుండి జారును. దారము ప్రక్కకు సాగు వరకు మనసులో మూడు లెక్కించి కర్రను ఎత్తవలెను.

ఇచట మా తప్పొకటి చెప్పక తీరదు. వానకాలమున చెరువు అంచుల ఎర్రని మరకవంటిది నీటిపై కదలుచుండును. అది కొరమేను పిల్లల గుంపు. దాని క్రింద తల్లిదండ్రులు కావలి కాయుచు, దగ్గరకు వచ్చిన ప్రతిదానిపై దుముకును. అపుడు వానిని పట్టుటకు ఏ విద్యయు నక్కరలేదు. గాలము పట్టిన రెండవ యేట మేమట్లొకదానిని పట్టి, బరువు చూపించుకొని గర్వించితిమి. మరునాడు వెళ్లి చూడగా ఆ ఎర్రని మరక లేదు. కావలి పోయినచో పిల్లలు పెద్ద చేపలకును, పక్షులకును ఆహారమగును. ఆ సంవత్సరము ఆ చెరువులో మరల గాలము వేయుటకు మాకు మనసొప్పలేదు. మన విద్యార్థులు అధికముగా కొరమేనులను తెచ్చునది సరిగా ఈ నెలలలోనే. ఎర్రని మరక కనబడిన చోటినుండి కర్రను మడిచి వేరొక చోటికి పొండు.

మరి రెండు మాటలు. వంశధార, నాగావళి నదులు ఒడిశా కొండలలో పుట్టినవి. ఇచట చినుకు లేకున్నను అచటి వానకు వెల్లువ వచ్చును. వానకాలమున నది నడుమనున్న ఇసుక తిన్నెలపై కూర్చుండరాదు. చెరువులు అనేకము మత్స్యకారుల సంఘములకు గుత్తకీయబడినవి. వారికవి జీవనము, మనకు వినోదము. అడిగి వేయుట మర్యాద. మందుగుండు, విషములతో చేపలను చంపుట 1897 నాటి చట్టము ననుసరించి నేరము.

అభ్యాసమునకు చెరువు కూడ నక్కరలేదు. సాయంకాలము కళాశాల మైదానమున ఒక సత్తు పళ్లెమునుంచి, ఇరువది అడుగుల దూరమున నిలిచి, కొక్కెము లేక దారము కొసకు దూది ముక్క కట్టి వేయుడు. పదిమార్లలో ఏడుమార్లు దూది చప్పుడు లేక పళ్లెములో పడిన పిమ్మట కొక్కెము కట్టవచ్చును. మాకు దానికి నలువది దినములు పట్టినది.