పశువైద్యుడి సలహాలు: గడ్డి వయసు చూసి మేపండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం మేత గురించే. పాలు తగ్గడం, జొన్న తిని ఆవు పడిపోవడం, గొర్రెపిల్లలు ఉన్నట్టుండి చనిపోవడం వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. కానీ అన్నిట్లోనూ అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: పశువు తిన్న గడ్డి ఏ వయసులో ఉంది?

ప్రశ్న: మా రెండు గేదెలూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్ల మీదా బీట్లోనూ మేస్తాయి. ఇంటికొచ్చేసరికి పొట్టలు నిండుగా ఉంటాయి. అయినా సంక్రాంతి దాటాక పాలు సగానికి పడిపోయాయి. ఎస్‌ఎన్‌ఎఫ్ రావడం లేదని పాలకేంద్రంలో ధర కోస్తున్నారు. ఒక గేదె ఒకటి రెండుసార్లు తిరగపొర్లింది కూడా. జబ్బేమైనా ఉందా? – పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే జబ్బు కంటే మేత మీదే అనుమానం. వానాకాలంలో మొలిచిన గడ్డి కంకి వేయకముందు మెత్తగా, ఆకు ఎక్కువగా ఉంటుంది. అప్పుడు దాని ఎండు పదార్థంలో మాంసకృత్తులు 8 నుంచి 12 శాతం దాకా ఉంటాయి. కంకి వేసి, గింజ రాలి, కాడ గట్టిపడ్డాక అదే గడ్డిలో 3, 4 శాతం మిగిలితే గొప్ప. మీ గేదెలు జనవరి తర్వాత తింటున్నది ఈ ముదురు గడ్డినే. పోషకంలో అది వరిగడ్డికి దగ్గర.

పశువు పెద్దపొట్టలో పీచును జీర్ణం చేసేది సూక్ష్మజీవులు. మేతలో కనీసం 7 శాతం మాంసకృత్తులు లేకపోతే అవి సరిగా పెరగవు. గడ్డి నానుతూ పొట్టలోనే ఎక్కువసేపు ఉండిపోతుంది, బయటికి పొట్ట నిండుగా కనిపిస్తుంది. లోపల చోటు ఖాళీ కాదు కాబట్టి గేదె ఇంకా తినలేదు. 400 కిలోల గేదె రోజుకు 10 నుంచి 12 కిలోల ఎండు పదార్థం తినాలి. ముదురు గడ్డి మీద అంత తినడం సాధ్యం కాదు. అందుకే పాలు తగ్గాయి. శక్తి చాలకపోవడంతో ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా పడిపోయింది.

నిర్ధారణకు ఒక పని చేయండి. రేపు ఉదయం పేడను పుల్లతో విడదీసి చూడండి. గట్టిగా, పొరలు పొరలుగా, వేలెడు పొడవున పీచులు కనిపిస్తే గడ్డి సరిగా అరగడం లేదని అర్థం.

గడ్డి పండి ఎండిపోయాక విటమిన్ ‘ఎ’ తయారీకి కావలసిన కెరోటిన్ కూడా పోతుంది. నెలల తరబడి పచ్చిమేత లేని పశువులు సరిగా ఎదకు రాకపోవడానికి, చూలు నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఏం చేయాలి? వరి కోసిన మళ్లలో పిల్లిపెసర గాని జనుము గాని చల్లి ఉంటే రోజుకు గేదెకు 5 కిలోల పైన కోసి వేయండి. లేకపోతే అవిశ, సుబాబుల్ రెమ్మలు వేయవచ్చు. సుబాబుల్‌ను మాత్రం పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వకండి. పాలను బట్టి తవుడు, వేరుశనగ చెక్క కలిసిన దాణా, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. వరిగడ్డి ఉంటే యూరియాతో మాగబెట్టుకోండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. పెట్టే ముందు కాసేపు ఆరబెట్టి ఘాటు పోనివ్వండి. ఆరు నెలల లోపు దూడలకు దీన్ని పెట్టొద్దు. మాగబెట్టడానికి తప్ప యూరియాను విడిగా దాణాలోనో కుడితిలోనో కలపొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. తిరగపొర్లుతున్న గేదెను డాక్టరుకు చూపించి గర్భాశయ పరీక్ష కూడా చేయించండి.

ప్రశ్న: జొన్న కోసిన చేలో పిలకలు పచ్చగా వచ్చాయని ఆవులను తోలాం. అరగంట కూడా కాలేదు, ఒక ఆవు నురుగు కక్కుకుంటూ పడిపోయి చనిపోయింది. నాము తగిలిందన్నారు. రోజూ జొన్న చొప్పే కదా వేస్తున్నాం, ఇదేమిటి? – రైతు, నంద్యాల జిల్లా

జవాబు: ఊళ్లో చెప్పింది సరైనదే. లేత జొన్న మొక్కలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు, పొట్టలో అరిగేటప్పుడు ఆ విషం బయటపడుతుంది. మొక్క ముదిరేకొద్దీ అది తగ్గుతుంది, బాగా ఎండిన చొప్పలో ప్రమాదకర స్థాయిలో ఉండదు. మీరు రోజూ వేస్తున్న చొప్ప వేరు, కోత తర్వాత వచ్చిన పిలకలు వేరు. వాన లేక వాడిపోయిన జొన్నలో, బెట్ట తర్వాత వాన పడి మళ్లీ చిగురించిన జొన్నలో, యూరియా ఎక్కువ వేసిన చేలో ఈ విషం ఇంకా పెరుగుతుంది. ఆకలి మీద ఉన్న ఆవు గబగబా తింటే తేరుకునే వ్యవధి కూడా ఉండదు.

ఊపిరి వేగంగా తీయడం, నోట నురుగు, తూలిపోవడం, కంటిపొరలు ఎర్రగా మారడం దీని గుర్తులు. ఒక్క పశువులో ఇవి కనిపించగానే మందనంతా చేలోంచి బయటికి తోలండి. 1962కి ఫోన్ చేయండి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే బతికే అవకాశం ఉంది, అది డాక్టరు చేయాల్సిన పని. పడిపోయిన పశువు నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

ఇకముందు పచ్చిజొన్నను పూతకు వచ్చాకే మేపండి. నీటి వసతి ఉంటే కోతకు ముందు తడి పెట్టండి. పిలకల చేలోకి పశువులను అసలు తోలకండి. గొర్రెలు, మేకలకూ ఇదే జాగ్రత్త.

ప్రశ్న: తొలకరి పడి పచ్చిక లేచిన వారానికే మా మందలో బాగా బలిసిన పిల్లలే పొద్దున్నకల్లా చచ్చి పడుతున్నాయి. బక్కవి మాత్రం బాగానే ఉన్నాయి. ఎందుకిలా? – గొర్రెల కాపరి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: బలిసినవే పోతున్నాయన్న మాటే చిటుకు రోగాన్ని పట్టిస్తోంది. దీనికి కారణమైన క్రిమి ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లోనూ కొద్దిగా ఉంటుంది. వేసవంతా ఎండు ఆకులు, తుమ్మకాయలతో గడిపిన మంద ఒక్కసారిగా లేతగడ్డి మీద పడితే ఆ క్రిమి విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. ఎక్కువ తినే బలమైన పిల్ల ముందు పోతుంది. కోసిన చేలలో రాలిన గింజలను గొర్రెలు ఏరుకుని తిన్నప్పుడూ ఇదే జరుగుతుంది.

చనిపోయిన పిల్లను కోసి పారేయకుండా పశువైద్యశాలలో చూపించి నిర్ధారించుకోండి. మిగతా మందను ఇవాళే పచ్చిక మీద నుంచి తప్పించండి. టీకా వేయాల్సింది వానలకు ముందు, మే నెలలో. మొదటిసారి వేసే పిల్లలకు రెండు, మూడు వారాల తేడాతో రెండో మోతాదు కావాలి, ఆ తర్వాత ఏటా ఒకటి. తొలి పదిరోజులు మందను తోలే ముందు కొంత ఎండుమేత వేయండి. మొదట గంట, రెండు గంటలే పచ్చిక మీద ఉంచి, క్రమంగా పెంచండి.

ఇంకో మాట. మంచు ఆరకముందు మందను వదలొద్దు. నట్టల పిల్లలు తడి గడ్డి మీద పైకి పాకి ఉంటాయి, నేలకు రెండు మూడంగుళాల్లోనే ఎక్కువ. గడ్డిని మొదలంటా కొరికే మందకు అందుకే నట్టల బాధ ఎక్కువ. చెరువు అంచున నత్తలున్న చోట గడ్డి మేస్తే కార్జపు జలగలు పడతాయి. దవడ కింద నీరు దిగిన గొర్రె కనిపిస్తే పేడ పరీక్ష చేయించి, తేలినదానికి తగిన మందే తాగించండి.

ప్రశ్న: నాకు నాలుగెకరాల బీడు, 40 గొర్రెలు ఉన్నాయి. ఒకప్పుడు మోకాలెత్తు గడ్డి ఉండేది. ఇప్పుడు వయ్యారిభామ, ముళ్లకంప మిగిలాయి. మళ్లీ గడ్డి వస్తుందా? – యువ రైతు, అనంతపురం జిల్లా

జవాబు: వస్తుంది, కానీ ముందు లెక్క చూసుకోవాలి. ఒక గొర్రెకు రోజుకు కిలో ఎండు పదార్థం అనుకున్నా 40 గొర్రెలకు 40 కిలోలు. బాగా పాడైన బీడు ఎకరాకు ఏడాదికి నాలుగైదు క్వింటాళ్లకు మించి ఇవ్వదు. అందులో సగం మళ్లీ చిగురించడానికి వదిలేయాలి. అంటే మీ నాలుగెకరాలు ఇప్పుడున్న స్థితిలో మందను నెలరోజులు కూడా పోషించలేవు. మిగతా పదకొండు నెలలు గడ్డిని వేళ్లతో సహా తినిపించారు కాబట్టే అది పోయింది.

గొర్రె అన్నిటికన్నా ముందు ఏరుకునేది తీపి గడ్డినే. అది చిగురించగానే మళ్లీ కొరికేస్తుంది. ఆకు లేని మొక్క వేళ్లలో దాచుకున్న శక్తిని ఖర్చు చేసి చిగురు వేస్తుంది. రెండు మూడుసార్లు అలా జరిగితే వేరు చచ్చిపోతుంది. గొర్రె ముట్టని వయ్యారిభామకు ఆ చోటు దక్కుతుంది.

వయ్యారిభామను పూతకు ముందే పీకేయండి. బీడును నాలుగు మడులుగా విడదీయండి, ముళ్లకంపతో కంచె వేసినా చాలు. తొలకరిలో ఒక మడిలో అంజన్ గడ్డి, స్టైలో కలిపి చల్లండి. స్టైలో విత్తనం పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడినీటిలో నాలుగు నిమిషాలు ఉంచి, ఆరబెట్టి చల్లితే బాగా మొలుస్తుంది. మొదటి ఏడాది ఆ మడిలోకి మందను వదలకండి. గింజ రాలనివ్వండి, తర్వాత కోసి వేసుకోండి. మిగిలిన మూడు మడుల్లో గడ్డి జానెడు ఎదిగాకే తోలండి, నాలుగంగుళాలు ఉండగానే మందను మళ్లించండి. వానల్లో ఒక్కో మడికి కనీసం మూడు, నాలుగు వారాల విశ్రాంతి ఇవ్వాలి. వానలు ఆగాక ఇంకా ఎక్కువ. ఏటా ఒక్కో మడిని ఇలాగే బాగు చేసుకుంటూ వెళ్లండి. అప్పటిదాకా కోతల తర్వాత పొలాల్లో మంద పెట్టించుకునే రైతులను చూసుకోండి, మేతా దొరుకుతుంది, ఎరువుకు డబ్బూ వస్తుంది. అమ్మదగిన పొట్టేళ్లను వేసవికి ముందే అమ్మేయడం మంచిది.

ప్రశ్న: ఎకరంలో నేపియర్ వేశాను. ఆరడుగులు దాటాక కోస్తే ఎక్కువ దిగుబడి వస్తుందంటున్నారు. అదొక్కటే వేస్తే సరిపోతుందా? – పాడి రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: బరువు పెరుగుతుంది, పోషకం తగ్గుతుంది. మొదటి కోత నాటిన రెండు, రెండున్నర నెలలకు, తర్వాత ప్రతి 40 నుంచి 45 రోజులకు కోయండి. ఆలస్యమైతే పశువు ఆకు తిని కాడ వదిలేస్తుంది. నేపియర్‌లోని ఆక్సలేట్ మేతలోని కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి. మూడు వంతులు నేపియర్, ఒక వంతు లూసర్న్, అలసంద లాంటి కాయజాతి మేత కలపండి. యూరియా వేసిన వెంటనే కోసి వేయకండి, నైట్రేట్ విషం కావచ్చు.

ప్రశ్న: ఎండుగడ్డి వాము వేయడానికి ఎప్పుడు కోయాలి? – నెల్లూరు జిల్లా నుంచి

జవాబు: పూత మొదలైనప్పుడు. ఒంగోలు జాతి పశువులకు పేరున్న మేత చెంగాలి గడ్డికైనా ఇదే సూత్రం. గింజ రాలేదాకా ఆగితే వాము పెద్దదవుతుంది, పశువుకు దక్కేది తక్కువ. ఆకు రాలిపోకుండా తిరగేస్తూ ఆరబెట్టండి. తడి మిగిలితే బూజు పడుతుంది, బూజుపట్టిన గడ్డిని చూడి పశువుకు అసలు వేయకండి.

పాఠకులకు మనవి: ప్రశ్న రాసేటప్పుడు పశువు వయసు, ఎన్నో ఈత, ఎన్ని పాలు ఇస్తోందో రాస్తున్నారు, సంతోషం. దాంతోపాటు అది తింటున్న గడ్డి పేరు, పూతకు వచ్చిందో లేదో, ఆ నేలకు చివరిసారి ఎప్పుడు విశ్రాంతి ఇచ్చారో కూడా రాయండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.