సొంతముగా కారు అమ్ముకొనుట

ప్రశ్న: 2016లో కొన్న మా కారు ఏపీ30 బండి. బ్రోకరు చెప్పు ధర మరీ తక్కువగా నున్నది. నేనే అమ్ముకొన్న మేలా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: మేలే. మధ్యవర్తి తన లాభమును, మరమ్మతుల వ్యయమును ముందుగానే మినహాయించుకొని ధర చెప్పును గనుక, ఆ సొమ్ము మీకే దక్కవలెనన్నచో కొనువాని సందేహములను తీర్చు శ్రమను మీరే వహింపవలయును. మీ ప్రాంతము వంటి సముద్రతీరమున తిరిగిన బండికి ఉప్పుగాలి వలన అడుగుభాగము తుప్పు పట్టుట సహజము. కావున తెలిసినవాడు మొట్టమొదట చక్రములపై రేకులను, తలుపుల క్రింది అంచులను, సైలెన్సరును పరీక్షించును. తుప్పును రంగుతో కప్పిపుచ్చకుడు. ఉన్నదున్నట్లు చూపి, సర్వీసు రసీదులను వరుసగా ముందుంచినచో కలుగు విశ్వాసమే ధరను నిలుపును. 2019లో కొత్త బండ్లకు రాష్ట్రమంతటను ఏపీ39 వచ్చినను, మీ పాత ఏపీ30 సంఖ్య లోపము కాదు.

బ్యాంకు అప్పు తీరియున్నచో ఫారం 35 ద్వారా ఆర్సీలోని తాకట్టు నమోదును ముందే తీసివేయించుడు. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురముల బేరము మంచిదే గాని, ఆ రాష్ట్రమునకు బండిని మార్చుటకు ఫారం 28తో నిరభ్యంతర పత్రము పొందవలయును.

సొమ్ము చేతికందినంతనే పని ముగిసినదని తలంచి చిక్కులలో పడు గృహస్థులను చూచినప్పుడెల్ల మనస్సు నొచ్చును. పేరు మారకమునుపు ప్రమాదము జరిగినచో నష్టపరిహార బాధ్యత ఆర్సీలోని యజమానిదేయని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసున తీర్పు చెప్పినది. కావున యాజమాన్య బదిలీ పత్రములగు ఫారం 29, 30లపై తేదీ వేయక సంతకము చేయకుడు. అమ్మిన 14 దినములలోగా రవాణా శాఖకు తెలియజేయుడు. ఆర్సీపై కొత్త పేరు చూచువరకు అప్పగింత రసీదును భద్రపరచుకొనుడు.