పేరు వెనుక వంశచరిత్ర

మన చెరువుల్లో సంచరించే నీటికోళ్లది రాలిడే కుటుంబం. ఆ కుటుంబానికే చెందిన ఒక చిన్న పక్షి దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలోని ఇనాక్సెసిబుల్ దీవిలో మాత్రమే జీవిస్తోంది. నేడు లోకంలో ఉన్న ఎగరలేని పక్షులన్నింటిలోను ఇదే అతి చిన్నది.

1923లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పెర్సీ లోవ్‌ను ఒక ప్రశ్న వేధించింది. ఎగరలేని పక్షి నడిసముద్రంలోని దీవిని ఎట్లా చేరింది? పూర్వం అక్కడికి నేలదారి ఉండేదని, అది తరువాత మునిగిపోయిందని ఆయన భావించాడు. అందుకే ప్లేటో వర్ణించిన మునిగిన దీవి అట్లాంటిస్ పేరు మీదుగా దీనికోసం 'అట్లాంటిసియా' అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు.

2018లో వెలువడిన డి.ఎన్.ఏ. పరిశోధన ఆ ఊహను తోసిపుచ్చింది. దీని దగ్గరి బంధువులు అమెరికా ఖండాలలో ఉన్నాయని, సుమారు 15 లక్షల సంవత్సరాల క్రితం దీని పూర్వికులు ఎగిరే వచ్చాయని తేల్చింది. వేటాడే క్షీరదాలు లేని ఆ దీవిలో రెక్కల అవసరం తగ్గి, తరతరాలుగా ఎగిరే శక్తి నశించింది. కనుక దీనిని ఆ బంధువులతో పాటు 'లేటరాలస్' ప్రజాతిలో చేర్చారు.

ఎగరలేకపోవడం పరిసరాలు కల్పించిన లక్షణమే గాని వంశానికి గుర్తు కాదు. వర్గీకరణకు ఆధారం రూపం కాదు, బంధుత్వం. అయితే ఏ ఓడ నుంచైనా ఎలుకలు ఆ దీవికి చేరితే, ఎగిరి తప్పించుకోలేని ఈ పక్షి అంతరించిపోగలదు. అప్పుడు మిగిలేది పేరు మాత్రమే.