పండుగ దినము – సెలవు దినము

న్యూజెర్సీ రాష్ట్రమున, న్యూయార్కు మహానగరమునకు పడమరగా, పార్సిప్పనీ యను పట్టణము గలదు. 2020 జనాభా లెక్కల ప్రకారము అచట 56 వేలకు పైగా జనులు గలరు. వారిలో తెలుగు కుటుంబములు పెక్కు. డిసెంబరు 25న ఆ ఊర పాఠశాలలు, బ్యాంకులు, తపాలా కార్యాలయము మూతబడును. ఉగాది పనిదినమున వచ్చెనేని బ్యాంకు తెరచియే యుండును. ఉద్యోగి పనికి పోవలసినదే. ఉగాది జాతీయ సెలవుగా గల మారిషస్‌లో పెరిగిన తెలుగు బిడ్డకు ఇది వింతగా తోచును.

అమెరికాలో సెలవుల చట్టము 1870లో ఆరంభమైనది. తొలుత అది రాజధానియగు వాషింగ్టన్‌లోని కేంద్ర ఉద్యోగులకు మాత్రమే. నూతన సంవత్సరము, జూలై 4, కృతజ్ఞతా దినము, క్రిస్మస్ అందు పేర్కొనబడినవి. 2021లో జూన్ 19 చేరుటతో అవి పదకొండైనవి. వానిలో ఒక మతమునకు చెందిన పండుగ క్రిస్మస్ ఒక్కటియే. ఈ జాబితా కేంద్ర కార్యాలయములకే గాని ప్రైవేటు యజమానికి వర్తింపదు.

ఆ క్రిస్మస్ సయితము అచట సులువుగా నిలువలేదు. 1659లో మసాచుసెట్స్‌ను ఏలిన ప్యూరిటనులు, బైబిలులో లేని పండుగయని చెప్పి, క్రిస్మస్ జరుపుకొనువారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించిరి. ఆ శాసనము 1681 వరకు అమలులో నుండెను.

పండుగకు జుల్మానా చెల్లించుట చెరకుతోటల వారి సంతతికి కొత్త సంగతి కాదు. 1903 మొదలు మద్రాసు రేవు నుండి ఫిజీకి చేరిన మనవారి గిర్మిట్ పత్రమున, ఆదివారములును, అధికారులు అనుమతించిన సెలవులును తప్ప తక్కిన దినములన్నియు పని చేయవలెనని వ్రాసి యుండెను. ఏది సెలవో నిర్ణయించువాడు కూలి గాడు. మారిషస్‌లో ‘డబుల్ కట్’ నిబంధన మరియు కఠినము: అనుమతి లేక ఒక దినము మానినచో రెండు దినముల కూలి పోయెడిది. వేపపూవు పచ్చడి తిని ఇంట నిలిచిన వానికి పండుగ ఖరీదు అది! ఆ ద్వీపముననే నేడు ఉగాదికి దేశమంతయు సెలవు.

పార్సిప్పనీ పిల్లలకు మరియొక మార్గము గలదు. రాష్ట్ర విద్యాశాఖ మతపర పర్వదినముల జాబితాను ప్రకటించును. దీపావళి అందు గలదు. తల్లిదండ్రులు ఉత్తరము వ్రాసి యిచ్చినచో, జాబితాలోని పండుగ నాడు బడికి రాని విద్యార్థికి హాజరు బహుమానము పోదు. తప్పిన పరీక్షను మరల వ్రాయనిత్తురు. ఆ జాబితాలో నున్నంత మాత్రమున బడి మూతబడదు. పొరుగు రాష్ట్రమైన పెన్సిల్వేనియా 2024లో దీపావళిని రాష్ట్ర పర్వదినముగా గుర్తించినది గాని, బడులు మూయవలెనని విధింపలేదు.

ఇందువలన అమెరికాలోని తెలుగువారి ఉగాది వేడుక తరచుగా శనివారమునకు జరుగును. పంచాంగ శ్రవణము, పిల్లల నాటకములు, భోజనములు అన్నియు ఆనాడే. కాని పాడ్యమి మన సౌకర్యము చూడదు. పైగా అచటి సూర్యోదయము ఆంధ్రదేశపు సూర్యోదయమునకు పది గంటల తరువాత నగుటచే, ఒక్కొక్క యేట పాడ్యమి అచట ఒక దినము ముందే యుగాది యగును. ఇంటినుండి తెచ్చుకొన్న క్యాలెండరు సరిపడదు. ఆనాడు వెలుపల చెట్లు మోడులై యుండగా, అంగడిలో కొన్న ఎండు వేపపూవుతో తల్లి తెల్లవారకమునుపే పచ్చడి కలుపును. బడి బస్సు వచ్చులోగా పిల్లల నోట ఒక్క చెంచాయైనను పడవలెను గదా.