చింతపండు తగలనివ్వకు

పటాన్‌చెరు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. సంగారెడ్డిలో ఆ బ్యాండు మాస్టరు ఇంటివాళ్లు సాక్సోఫోన్ అమ్ముతామంటే తుక్కు కొట్టాయన ఇత్తడి కిలో లెక్కన కడతానన్నాడని రాశావు. ఆల్టో కదా, రెండున్నర కిలోలు తూగుతుందేమో. వాళ్లు ఒప్పుకోకముందే నువ్వు పోయి చూడు. కానీ "చాలా పాతది మామా, లక్షలు పలుకుతుంది" అన్నావే, అక్కడే నాకు భయమేసింది.

ముందు అది ఎక్కడి సరుకో తేల్చు. మన బ్యాండ్ల వాయిద్యాలు ఎక్కువగా మీరట్ నుంచే వస్తాయి. పెళ్లికి పనికొస్తాయి గానీ, పాతవి కూడబెట్టేవాళ్లు వాటికోసం రారు. విదేశీదైతే వెనకవైపు, బొటనవేలి కొక్కేనికి దిగువన నంబరు కొట్టి ఉంటుంది. ఏ ఏట పుట్టిందో దాన్నిబట్టే తెలుస్తుంది. పారిస్ సెల్మర్ వాళ్లు 1954 నుంచి ఇరవై ఏళ్లు చేసిన మార్క్ సిక్స్‌కు ప్రపంచమంతా గిరాకీ. అందులోనూ ఐదంకెల నంబరుంటే ఇంకా ఎక్కువ ఇస్తారు. ఆరంకెల వాటిలోనూ బాగా పలికేవి ఉన్నాయి, ఎవరి పిచ్చి వాళ్లది. గంటలాంటి మూతి మీద చెక్కిన పేరు చూసి మాత్రం మురిసిపోకు. ఉలి ఎవరికైనా దొరుకుతుంది.

అమెరికాదైతే ఇంకో చిక్కు. 1930కి ముందువాటి మీద చాలాసార్లు ఎల్ అనో హెచ్ అనో కొట్టి ఉంటుంది. ఎల్ అంటే ఇప్పటి శ్రుతి, సెకనుకు 440 కంపనాలు. హెచ్ అయితే దాదాపు 457. మౌత్‌పీస్ ఎంత బయటికి లాగినా అది క్లారినెట్‌తో కలవదు, బారాత్‌లో పరువు పోతుంది. ఆ రోజుల్లోనే సి మెలొడీ అని ఒక రకం అక్కడ తెగ అమ్ముడుపోయింది. వందేళ్లు నిండినా ఇప్పుడు దాన్ని అడిగేవాళ్లు తక్కువ. చూశావా, వయసు ఏపాటి అక్కరకొచ్చిందో!

కీలు పట్టుకుని పక్కలకు కదుపు. అరిగిన బుష్‌లో షాఫ్టు ఆడినట్టు ఆడితే రిపేరు ఖర్చు ధరలోంచి కొట్టేయ్. చీకటి గదిలో సన్న బల్బు తీగకు కట్టి గొట్టంలోకి దింపు. అన్నీ మూసినా ప్యాడ్ల అంచున వెలుతురు కనిపిస్తే గాలి కారుతున్నట్టే. ప్యాడ్లు మార్చుకోవచ్చు. నెక్ మీద ఎర్రగా, గులాబీగా మచ్చలుంటే మాత్రం ఆలోచించు. ఇత్తడిలోని జింకు పోయి రాగి మిగిలిందన్నమాట. ఫ్యాక్టరీలో నీళ్ల వాల్వులకు ఈ రోగం ఎన్నిసార్లు చూశానో.

నా ఆల్టో కథ మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. ఫిట్టరుగా ఉన్న రోజుల్లో, పెళ్లిళ్ల సీజనుకు తళతళలాడాలని షిఫ్టు దిగాక బఫింగ్ వీలు మీద పెట్టాను. లక్కర్ లేచిపోయింది, చెక్కిన పువ్వులు మాసిపోయాయి, రంధ్రాల అంచులు అరిగి ప్యాడ్లు సరిగా కూర్చోలేదు. తర్వాత హైదరాబాద్‌లో అమ్మబోతే కొనేటాయన నంబరు కూడా చూడలేదు. వెలుతురులో ఒక్కసారి తిప్పి, "ఎవరు రుద్దిండ్రు దీన్ని?" అన్నాడు. ఎవరో తెలియదన్నాను.

అందుకే, నల్లబడి ఉన్నా సరే, దాన్ని అట్లాగే ఉంచు. చింతపండు తగలనివ్వొద్దని మీ అమ్మకు ముందే చెప్పు. ఆదివారం పొద్దున వస్తాను, బల్బు, తీగ నేనే తెస్తా. నంబరు చూసి ధర తేలాక మొదట ఆ ఇంటివాళ్లకే చెబుదాం. మాస్టరు భార్య ఉందన్నావు కదా.

మీ మామ