వాలుగ దవడలు ఎన్ని కొన్నావు?

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. కొండపత్తికి పొందూరు దగ్గర నాలుగెకరాలు కౌలుకి తీసుకున్నానని, రాట్నం మీద తీసిన రీలు లక్షల మంది చూశారని, పదిహేను రోజుల్లో చీర ఇంటికి పంపుతానని అందరికీ మాటిచ్చేశానని రాశావు. సంతోషమే. కానీ నిన్న మీ మావయ్య ఫోన్ చేసి, పడుగుకి మిల్లు నూలు బేరమాడుతున్నావని చెప్పాడు. వాడి మాటల్లో సగం తీసేయాలని నాకూ తెలుసు. మిగతా సగానికే రాత్రి నిద్ర పట్టలేదు.

అన్నిటికంటే ముందు ఇది చెప్పు. వాలుగ దవడలు ఎన్ని కొన్నావు? మూడు పేజీల ఉత్తరంలో డ్రోను ఉంది, లోగో ఉంది, మోడల్ పిల్ల జడ సంగతి కూడా ఉంది. చేప దవడ ఊసే లేదు! ఆ సన్నపళ్లతో దువ్వితేనే కదా పత్తిలో చెత్త పోయి పోగులన్నీ ఒక దారికొచ్చేది. అది చెడితే ఏకు చెడుతుంది, ఏకు చెడితే కదురు దగ్గర దారం తెగుతుంది. ఇనప దువ్వెనతో కానిచ్చేద్దామని ఎవరైనా అంటే వినకు. రాజమండ్రి వైపు జాలరులకి ముందుగానే చెప్పి ఉంచు. పెద్ద చేపవే అడుగు. బాగా ఎండబెట్టి, పిల్లికి అందని చోట పెట్టు. నవ్వకు. మీ నాయనమ్మ దవడని పిల్లి ఎత్తుకుపోయిన పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఎండలో తలకి ఏమైనా కట్టుకుంటున్నావా? ఫొటోలో బాగా నల్లబడ్డావు.

నేను నెల్లిమర్ల జనపనార మిల్లులో చేరిన కొత్తలో మీ నాయనమ్మ అడిగింది, "మీ మిషన్లు నా పత్తి వడుకుతాయేట్రా?" అని. పోగు పొట్టిది, ఆ లాగుడికి ఆగదమ్మా అన్నాను. "అయితే నా రాట్నం ఎక్కడికీ పోదు" అని తలెత్తకుండా వడుక్కుంది. మొదటి జీతంతో ఆవిడకి నైలాన్ చీర కొంటే, ఒక్కసారి కట్టి, పెళ్లిచూపులకి మీ అత్తకి ఇచ్చేసింది. ఆ సంబంధమే కుదిరింది. ఇప్పుడదంతా ఎందుకులే.

ఇక నీ గడువు సంగతి. 100 నంబరు నూలంటే పౌనుకి 100 చిలపలు, చిలపకి 840 గజాలు. మొత్తం 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు. ఒంటి కదురు రాట్నం మీద అంత దారం తీసే మనిషికి నీ పదిహేను రోజుల గడువు ఎవరు పెట్టమన్నారు? గడువు పెంచానని అదే రీల్లో చెప్పు. ఆగలేనివాళ్ల డబ్బు వాళ్లకి తిరిగిచ్చెయ్యి. మిల్లు నూలు కలిపితే మాత్రం అది ఖాదీ కాదు. కలపకపోయినా, ఖాదీ అని రాసి అమ్మాలంటే ఖాదీ కమిషన్ ధ్రువీకరణ ఉండాలి. 2013లోనే ఖాదీ మార్కు నిబంధనలు వచ్చాయి. ఆ కాగితాలు పెట్టావా? నీ రీళ్లు పుట్టకముందు అక్కినేని నాగేశ్వరరావు గారి పంచెకట్టే మన బట్టకి ప్రకటన. ఆయన కట్టింది అసలు బట్ట కాబట్టి జనం దుకాణానికి వెళ్లి అదే అడిగారు.

నువ్వు ఉద్యోగం మానేసినందుకు ఇంట్లో అందరూ తలో మాటా అంటున్నారు. నేను అనలేదు, అనను. ఈ ఊరి పత్తి ఈ ఊళ్లోనే చీర కావాలని మన ఇంట్లో పుట్టిన బుద్ధి నీ ఒక్కదానికే. దవడల సంగతి మాత్రం మరిచిపోకు.

ఇంకొకటి. ఆర్డర్ల డబ్బు వచ్చేదాకా ఆగకుండా, వడికినామెకి కూలి ముందు ఇచ్చెయ్యి. ఆమె మొహం చూపించే నువ్వు చీర అమ్ముతున్నావు. చేతిలో లేకపోతే మీ నాన్నని అడగొద్దు, పొలం తాకట్టు పెడతానంటాడు. నన్నడుగు. నా పేరనున్న డిపాజిట్టు మార్చిలో చేతికొస్తుంది.

నీ
పెదనాన్న