పోటీ పరీక్షల ప్రత్యేకం: నాలెడ్జ్ ఔట్‌సోర్సింగ్ (కేపీఓ)

బిల్లింగ్, కాల్ సెంటర్ వంటి పనులను బయటి సంస్థకు అప్పగిస్తే బీపీఓ. పేటెంట్ పరిశోధన, ఇంజినీరింగ్ డిజైన్, ఆర్థిక విశ్లేషణ వంటి నైపుణ్యం కావాల్సిన పనులైతే కేపీఓ.

ముఖ్యాంశాలు
• ఎస్‌టీపీఐ (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా) ఏర్పాటు: 1991. సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) చట్టం: 2005.
• హైదరాబాద్ సైబర్ టవర్స్ ప్రారంభం: 1998. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ అక్కడ తన సొంత డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. ఇలా సొంత కేంద్రం పెట్టుకోవడాన్ని ‘క్యాప్టివ్’ పద్ధతి అంటారు.
• రాయలసీమలో మానవ వనరులు: ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ (2008), కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం (2015).

నిర్వహణ ఎలా?
• ఎస్‌ఎల్‌ఏ: నాణ్యత, గడువు, జరిమానాలను ముందే రాసుకునే ఒప్పందం. కేపీఓలో నాణ్యతను కొలవడమే కష్టం; ఎన్ని పేజీలు రాశారన్నది కాదు, విశ్లేషణ సరైనదా అన్నదే లెక్క.
• సమయ భేదం: చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం 9 అయితే కర్నూలులో రాత్రి 7.30. అక్కడ సాయంత్రం అప్పగించిన పని తెల్లారేసరికి సిద్ధం.
• డేటా భద్రత: ఐటీ చట్టం 2000, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023.
• సరఫరాదారు రిస్క్: 2009 జనవరి 7న ఐటీ సేవల సంస్థ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకున్నారు. కేంద్రం కొత్త బోర్డును నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా బిడ్ గెలిచింది. పని బాగున్నంత మాత్రాన చాలదు, సంస్థ ఆర్థిక స్థితినీ ఆరా తీయాలి.

మాదిరి ప్రశ్న
కర్నూలులో కూర్చుని ఆన్‌లైన్‌లో విదేశీ క్లయింటుకు సేవ అందిస్తే ‘గాట్స్’ (సేవల వాణిజ్యంపై సాధారణ ఒప్పందం) ప్రకారం ఏ విధానం?
ఎ) 1 బి) 2 సి) 3 డి) 4
జవాబు: ఎ (సరిహద్దు దాటే సరఫరా). ఉద్యోగి స్వయంగా విదేశానికి వెళ్లి పనిచేస్తే 4వ విధానం.